అందీ అందని నీళ్లు

ఆ వానాకాలం మొదట్లో మా బుడగ కిటికీలో ఉన్న మొక్క కుండీని లాగి కింద పడేసింది.

బుడగ అంటే మా అమ్మాయి. దానికి మంచి పేరే పెట్టుకున్నాం గానీ, బుగ్గలు చూసి మా ఆయన అలా పిలవడం మొదలుపెట్టాక అసలు పేరు ఎవరి నోటికీ రావడం మానేసింది. ఏడాది నిండి అప్పటికే కొన్ని నెలలైంది. నడక మాత్రం రాలేదు. అత్తయ్య చంకలో దర్జాగా కూర్చుని, చెయ్యి చాపి, అందిందల్లా లాగడం వచ్చింది.

పడింది నా బొద్దు మొక్క. నర్సరీ వాళ్లు సక్యులెంట్ అంటారు. ఆకులు దళసరిగా, లోపల నీళ్లు నింపి మూతి కుట్టేసినట్టు బొద్దుగా ఉంటాయి. అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆకుపచ్చ గులాబీలా విచ్చుకుంటాయి. మట్టి గచ్చంతా చిమ్మింది. నేను మట్టినీ చూడలేదు, మొక్కనీ చూడలేదు. పిల్ల కాలికి పెంకు గుచ్చుకుందేమో, కంట్లో మట్టి పడిందేమో, ఆకు మింగేసిందేమో అని తలకిందులైపోయాను. నోరు తెరిపించి వేలు పెట్టి వెతికాను. చటుక్కున కొరికింది.

"బాగానే ఉందమ్మాయ్. కొరికే ఓపిక ఉందిగా," అంది అత్తయ్య.

ఇల్లు ఊడ్చి చెత్తంతా బయట పారేశాం. అంతటితో మొక్క కథ ముగిసిందనుకున్నాను.

కొన్నాళ్లకి ఎండ మొహం చూపిస్తే కిటికీ తుడుస్తున్నాను. ఆ మూల అత్తయ్య దగ్గుమందు సీసా ఉంది. ఆవిడ ఏ సీసానీ పారెయ్యదు. కడిగి, ఎందుకైనా పనికొస్తుందని పెడుతుంది. ఆ సీసా మూతి మీద ఒక బొద్దు తల కూర్చుని ఉంది. కుండీ పడ్డ రోజున విరిగి అందులో ఇరుక్కున్నట్టుంది. ఎవరమూ చూడలేదు. తీసి పారేద్దామని పట్టుకోబోయి ఆగిపోయాను.

సీసా అడుగున కడిగిన నీళ్లు కాసిని మిగిలి ఉన్నాయి. మొక్క కాడ ఆ నీళ్లని తాకడం లేదు. కాడ చివరి నుంచి తెల్లగా, లేత గులాబీ రంగు తిరిగిన దారాలు నాలుగు కిందికి దిగుతున్నాయి. బుడగ పుట్టిన రోజున దాని నెత్తి మీద ఉన్న వెంట్రుకలంత సన్నగా ఉన్నాయి. నీళ్లని ఇంకా ముట్టుకోలేదు. ముట్టుకోబోతున్నాయి.

"అత్తయ్యా!" అని నేను పెట్టిన కేకకి ఆవిడ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. మా ఆయన గడ్డానికి సబ్బు నురగతో, ఒక చేత్తో లుంగీ పట్టుకుని వచ్చారు.

"పిల్లకేమైంది?"

"పిల్లకేం కాలేదు. వేర్లొచ్చాయి!"

ఇద్దరూ నన్నూ సీసానీ మార్చి మార్చి చూశారు. బుడగ ఒక్కతే సంగతి అర్థమైనట్టు చప్పట్లు కొట్టింది.

*

అక్కణ్ణుంచి నాకు పూనకం వచ్చినట్టే. డాబా మీద పగిలిన బకెట్లలో, పాత డబ్బాల్లో, ముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిపోయిన బొద్దు మొక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఎండ చాలక కాడలు సాగి, మెడలు పొడుగైపోయి వేలాడుతున్నాయి. కత్తెర వేడినీళ్లలో కడిగి తలలు కోసుకొచ్చాను. మొదట కోసినవి కోసినట్టే సీసాల్లో పెడితే కుళ్లిపోయాయి. కోసిన చోటు ఆరాలి. దెబ్బ తగిలిన మోకాలికి పక్కు కట్టినట్టు ఎండి గట్టిపడాలి. వానల్లో అది తొందరగా తెమలదు. పళ్లెంలో పరిచి ఫ్యాను పెట్టాను. బుడగకి తగలాల్సిన ఫ్యాను మొక్కలకి పెట్టానని అత్తయ్య సణిగింది గానీ, వచ్చి పోతూ పళ్లెం తిప్పేది ఆవిడే.

ఆరాక సీసా మూతి మీద కూర్చోబెట్టాలి. నీళ్లు మాత్రం కాడకి బియ్యపు గింజంత ఎడంలో ఆగిపోవాలి. తడి వాసన తగలాలి, నీళ్లు తగలకూడదు. అప్పుడు వెతుక్కుంటూ వేర్లు దిగుతాయి.

"అందీ అందనట్టు ఉంచాలన్నమాట," అన్నారు మా ఆయన. "పెళ్లికి ముందు నువ్వు నన్ను ఉంచినట్టు."

"ఉంచబట్టేగా వేళ్లూనుకున్నారు," అన్నాను. అత్తయ్య పకాలున నవ్వి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆయన కరెంటు పని చేస్తారు. ఒకరోజు సంచి నిండా మాడిపోయిన పాతకాలం గాజు బల్బులు తెచ్చారు. వెనక మూత ఊడదీసి, లోపలి తీగలు తీసేసి, అంచు ఉప్పుకాగితంతో అరగదీసి, రాగి తీగ మెడకి చుట్టి కిటికీ చువ్వకి వేలాడదీశారు. నీళ్లు పోసి పైన ఒక బొద్దు తల కూర్చోబెట్టాను. వాన వెలిసి ఎండ పడేసరికి గోడ మీద వెలుగు నీళ్లలా కదిలింది. ఆ వెలుగుని పట్టుకుందామని బుడగ గోడకేసి చేతులు కొట్టుకుంది. మేం ముగ్గురం పనులు మానేసి అలా నిలబడిపోయాం. మా ఇల్లు ఇంత అందమైనదని ఎవరూ చెప్పలేదు మాకు.

ఎదురింటి టైలరక్క తొంగి చూసింది. నేను ఆవిడ దగ్గరే కుట్టుపని నేర్చుకోవడం మొదలుపెట్టాను ఒకప్పుడు.

"బాగుందే. ఎన్నాళ్లు ఈ ముచ్చట?" అంది. "నీవన్నీ జాకెట్టు దాకా వచ్చి చేతులు కుట్టకుండా ఆగిపోతాయిగా." పోతూ పోతూ బుడగ గడ్డం పుణికి, "ఇదింకా నడవట్లేదూ? నా మనవడు ఈపాటికి వీధి చివర దాకా పోయేవాడు," అంది.

మొదటి మాట అబద్ధం కాదు. పదో తరగతి సగంలో ఆగింది. కుట్టు సగంలో ఆగింది. ఊలు స్వెటరు ఒక చెయ్యి దాకా వచ్చి అల్మరాలో పడుంది. రెండో మాటకి మాత్రం ఊరుకోలేకపోయాను. ఆ సాయంత్రం బుడగ కాళ్లు వత్తి వత్తి చూశాను. రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తే చక్కగా అడుగులేస్తుంది. పట్టు కాస్త సడలితే చాలు, బిక్కమొహం వేస్తుంది. నేను మళ్లీ గట్టిగా పట్టుకునేదాన్ని.

*

మా ఆయన ఊరికే ఉండే మనిషి కాదు. కొత్తగా కడుతున్న పళ్ల ఆసుపత్రిలో లైట్లు బిగిస్తూ, టిఫిన్ డబ్బాతో పాటు ఒక బల్బు మొక్క పట్టుకెళ్లి అందరికీ చూపించారట. మర్నాడు పళ్ల డాక్టరమ్మ మా గుమ్మంలో ఉంది.

నా చేతులకి పిండి. బుడగ ముక్కు కారుతోంది. ఆవిడ చెప్పులు విప్పి నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. ఒక్కొక్క సీసా దగ్గరా వంగి, మనం నోరు తెరిస్తే వాళ్లు చూస్తారే, అలా చూసింది.

"వేర్లు కనిపిస్తున్నాయి," అంది, తనలో తను చెప్పుకున్నట్టు.

"అవునండీ, గాజు కదా..."

"మా హాల్లో పెద్ద కిటికీ ఉందమ్మా. నాలుగు గాజు అరలు. అక్కడ మట్టి పెట్టను. మట్టంటే చీమలు, పురుగులు, తుడుపులు. ప్లాస్టిక్ పూలు పెడదామంటే నాకే నీరసం వస్తుంది. ఇవైతే మట్టి లేదు. దోమలో?"

"మూతి మీద మొక్క బిగిసి కూర్చుంటుందండీ, దోమ దూరదు. నీళ్లు కూడా మారుస్తూ ఉంటాను."

ఎవరో ధైర్యవంతురాలు నా గొంతుతో మాట్లాడుతున్నట్టుంది.

"వానలు తగ్గగానే తెరుస్తున్నాను. నాలుగు అరలూ నింపగలవా? నింపితే నెలనెలా చూసుకునే పని కూడా నీదే. నాకు తెలిసిన కంటి డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఆయనకీ చెబుతాను. కానీ మాటిచ్చి సగంలో వదిలెయ్యకూడదు."

సగంలో అన్న మాట వినగానే అత్తయ్య నా వైపు చూసింది. నేను పిండి చేతుల్తోనే, "నింపుతానండీ," అన్నాను.

ఆవిడ వెళ్లాక మా ఆయన నన్ను ఎత్తి గిరగిరా తిప్పారు. బుడగ కుళ్లుకుని ఏడ్చింది. దాన్నీ ఎత్తి తిప్పారు. అత్తయ్య, "నన్ను తిప్పావంటే నడ్డి విరుగుతుందిరా, నీకు పుణ్యముంటుంది," అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

*

ఇంట్లో ఖాళీ చోటు లేకుండా పోయింది. దగ్గుమందు సీసాలు, సెంటు సీసాలు, పచ్చటి గాజు సీసాలు, కిటికీ నిండా బల్బులు. అద్దం ముందు నిలబడి దువ్వుకోవాలంటే మొక్కల్ని జరగమని అడగాలి. నేను పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే వేర్లు చూసుకునేదాన్ని. దిగిన ప్రతిదానికీ ఒక కేక. మా వాళ్లు నా కేకలకి కంగారుపడటం మానేశారు.

అంతలో ఒక పొద్దున ఒక మొక్కని అలా తాకానో లేదో తల ఊడి చేతిలోకి వచ్చింది. కాడ నల్లగా, మగ్గిపోయిన అరటిపండులా జారిపోయింది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. పై వరసలో సగానికి సగం పోయాయి. సీసా ఎత్తి చూస్తే నీళ్లు కాడని ముంచేసి ఉన్నాయి.

నేను అలా పొయ్యలేదు. బియ్యపు గింజంత ఎడం నేనే చూసి చూసి పెట్టాను.

కుళ్లినవి తీసేసి, మిగిలిన సీసాల మీద నీళ్లు ఆగాల్సిన చోట గోళ్లరంగుతో ఎర్రటి గీత పెట్టాను. మర్నాటికి నీళ్లు గీత దాటి ఉన్నాయి. వాన కారుతోందా అంటే పైకప్పు పొడిగా ఉంది. నీళ్లు తగ్గడం చూశాం గానీ పెరగడం ఎక్కడైనా ఉందా? డాక్టరమ్మకి ఏం చెప్పాలి? టైలరక్కకి ఏ మొహం చూపించాలి? ఇదీ చేతుల్లేని జాకెట్టేనా?

ఆ మరుసటి పొద్దున బుడగని ఎత్తుకుని పడగ్గది కర్టెన్ వెనక నక్కాను. అది నోరెత్తకుండా చేతికి చెంచా ఇచ్చాను, చీక్కుంటూ కూర్చుంది.

ముందు అత్తయ్య వచ్చింది. చిన్న గిన్నెలో నీళ్లు, చెంచా. చుట్టూ చూసింది. "పాపం, గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి నీళ్లు. ఆ పిల్ల మరీ పిసినారితనం చేస్తుంది. తాగండి నాన్నా, తాగండి," అని ఒక్కోదాని తల కాస్త ఎత్తి ఒక్కో చెంచా పట్టింది. బుడగకి పాలు పట్టేటప్పటి గొంతే. పని ముగించుకుని చెంచా చెంగుకి తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

నేను ఇంకా తేరుకోలేదు. భుజాన సంచి వేసుకుని మా ఆయన వచ్చారు. పనిలోకి తీసుకెళ్లే నీళ్ల సీసా మూత తీసి, బల్బులన్నిట్లో తలా కొంచెం వంచారు. "మీ అమ్మగారికి ధ్యాస లేదర్రా, నేనున్నాగా," అని ఒకదాని ఆకు మీద చిటికె కూడా వేశారు.

కర్టెన్ తోసుకుని బయటికి వచ్చాను. "ఇద్దరూ కలిసి చంపేశారు నా మొక్కల్ని!"

అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి తల బయట పెట్టింది. "ఎవరే చంపింది? నేను పోసింది చెంచాడు!"

"నేనూ గుక్కెడే పోశాను," అన్నారు ఆయన. "నువ్వు పోస్తున్నావని నాకేం తెలుసమ్మా?"

"నువ్వు పోస్తున్నావని నాకు తెలుసేంట్రా?"

"ఒక్క బొట్టు కూడా ఎవరూ పొయ్యకూడదని చెప్పానా లేదా?" అన్నాను. ఏడుపు వస్తోంది.

"చెప్పావు," అంది అత్తయ్య నడుం మీద చెయ్యి వేసుకుని. "మరి మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్నాననుకుని గ్లాసు పట్టుకు తిరిగేదెవరమ్మా? 'దీనికి కొంచెం తగ్గినట్టుంది, దీనికి కొంచెం' అనుకుంటూ? నాకు కన్ను మూతపడుతుంది గానీ చెవి మూతపడదు."

నిజమే. వాటి దాహం చూడలేక, ఒకటి రెండింటికి అంటూ, రోజూ...

ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. మొదట నవ్వింది మా ఆయన. తర్వాత అత్తయ్య. ఏడుపు గొంతులో ఉండగానే నేనూ నవ్వేశాను. సరిగ్గా అప్పుడే బుడగ నా భుజం మీద భళ్లున కక్కింది.

అప్పటికి కొన్నాళ్లుగా అది కక్కుతూనే ఉంది. పిల్లల డాక్టరు పరీక్షలు చేసి ఏమీ లేదన్నాడు. నేను మాత్రం ఏదో ఉందని బెంగపెట్టుకున్నాను.

"పొద్దున దీనికి ఏం పెట్టారు?" అన్నాను భుజం తుడుచుకుంటూ.

"అరటిపండు గుజ్జు. కాస్తంతే," అంది అత్తయ్య.

"నేనూ అరటిపండే," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "కాస్తంతే."

నేను పాలిచ్చిన సంగతి పైకి చెప్పలేదు.

అత్తయ్య బుడగ మూతి తుడిచి, దండెం మీది బట్టల క్లిప్పు ఒకటి తీసి దాని గౌనుకి పెట్టింది. "ఇది ఉంటే తిన్నట్టు. ఇంక ఎవరూ ముట్టుకోవద్దు," అంది. తర్వాత సీసాల వంక చూసి, "వీటికీ పెడదామా?" అంది.

"వీటికి క్లిప్పులొద్దు. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా చేతులు వెనక్కి కట్టుకుని రావాలి. నాతో సహా," అన్నాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మనుషులు తనిఖీకొచ్చిన ఆఫీసర్లలా తిరిగారు. అత్తయ్య చేతులు వెనక్కి కట్టుకుని వంగి, "అబ్బ, నీకు మీసాలొచ్చాయి కదరా," అని వేర్లతో మాట్లాడేది. మా ఆయన పనిలోకి వెళ్తూ చేతులు వెనక పెట్టి బల్బులకి సలాం కొట్టలేక తలాడించి పోయేవారు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక గ్లాసు మీదికి పోబోయిన చెయ్యిని నేనే లాక్కునేదాన్ని. ఎంత కష్టమో! ఒక పని చెయ్యడం కన్నా చెయ్యకుండా నిలబడటానికి ఎక్కువ ఓపిక కావాలి.

డాబా మీద మళ్లీ తలలు కోశాం. వానలు పలచబడ్డాయి, ఫ్యాను లేకుండానే ఆరుతున్నాయి. బతికిన వాటికి వేర్లు జడలు కట్టాయి. బుడగ కక్కడం మానేసింది.

*

తెరిచే రోజు దగ్గరపడింది. లెక్క చూసుకుంటే పై మూడు అరలకి సరిపోయాయి. కింది అరకి ఉన్నవి కొత్తగా కోసినవి. కాడలు ఆరాయి, సీసాల మీద, బల్బుల మీద కూర్చున్నాయి, వేరన్నది లేదు.

గుడ్ల అట్టల్లో బల్బులు, పాత చీరల్లో సీసాలు సర్ది తెరిచే రోజు పొద్దున్నే మా ఆయన బండి మీద దఫదఫాలుగా చేరవేశారు, చివరి దఫాలో అత్తయ్యనీ బుడగనీ కూడా. హాలు కొత్త రంగు వాసన వేస్తోంది. గోడ పొడుగునా కుర్చీలు. అంత పెద్ద కిటికీ నేను ఇదివరకు చూడలేదు. రాగి తీగలు కొక్కాలకి తగిలిస్తుంటే ఎండ వచ్చి నేరుగా నీళ్లలో దిగింది. ఎదురు గోడంతా వెలుగు ఊగింది. ఆ సంతోషంలోనే కింది అర కూడా సర్ది, వెనక్కి జరిగాను.

డాక్టరమ్మ వచ్చి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. కింది అర దగ్గర ఆగింది.

"వీటికి వేర్లు లేవే?"

"లేవండీ," అన్నాను. సాకులు చాలా అనుకుని వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "ఇంకా మొదలవలేదు. తీసేయమంటారా? అవి పూర్తవలేదు."

ఆవిడ వంగి ఒక బల్బులోకి చూసింది. "ఎన్నాళ్లలో వస్తాయి?"

"వాటిష్టమండీ. వస్తాయి మాత్రం."

"ఉంచు," అంది. "పన్ను నొప్పితో ఇక్కడ కూర్చునేవాళ్లకి పూర్తయినవి ఎంతసేపు చూపిస్తాం? మళ్లీ వారం వచ్చినప్పుడు, 'అరె, దీనికి వచ్చిందే' అనుకుంటారు. నువ్వు నీళ్లు మార్చడానికి ఎప్పుడొస్తావో చెప్పు, రాసుకుంటాను."

నేను రోజు చెప్పాను. ఏ రోజు చెప్పానో నాకే తెలియదు. మా ఆయన తర్వాత గుర్తు చేశారు.

టైలరక్క కూడా వచ్చింది, పన్ను చూపించుకోవడానికని. వచ్చి కిటికీ ముందు నోరు తెరుచుకు నిలబడింది, డాక్టరమ్మ అడగకముందే. "చేతులు కూడా కుట్టేశావే!" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను.

అలవాటు చొప్పున మేం ముగ్గురం చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడి ఉన్నాం. అప్పుడు తట్టింది, పిల్ల ఎవరి దగ్గరా లేదని. సీసాలు తుడిచేటప్పుడు అత్తయ్య దాన్ని చివరి కుర్చీ పట్టించి నిలబెట్టిందట. మా ఆయన ఎత్తుకున్నారని ఆవిడా, నేనెత్తుకున్నానని ఆయనా అనుకున్నారు.

బుడగ కుర్చీ పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. గోడ మీద వెలుగు ఊగుతోంది. దానికీ కింది అరకీ మధ్య కొత్త గచ్చు నున్నగా మెరుస్తోంది. పట్టుకోవడానికి ఏమీ లేదు.

అది కుర్చీ వదిలేసింది.

"అయ్యో..." అని అత్తయ్య కదలబోయింది. మా ఆయన మోచేత్తో ఆపారు. నా చేతులు వెనకే ఉన్నాయి. ఒకదాన్నొకటి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకుని ఉన్నాయి.

ఒక అడుగు. పక్కకి ఒరిగింది, సర్దుకుంది. ఇంకో అడుగు. టైలరక్క పన్ను నొప్పి మరిచిపోయి, "రా తల్లీ, రా రా," అంటోంది. అది మమ్మల్ని ఎవరినీ చూడలేదు. కింది అర దాకా వెళ్లి ఒక బల్బు ముందు ఆగింది. చెయ్యి చాపింది. ఇంకేముంది, లాగేస్తుంది అనుకున్నాను.

చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆలోచించి, బుడగ తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

దాంతో తూకం తప్పి దబ్బున కూలబడింది.

హాలంతా నవ్వు. దాని కింది పెదవి వణికింది. ఏడవాలా వద్దా అని నా వైపు తిరిగి చూసింది. నేను నవ్వాను.

నేను లేపలేదు. గచ్చు మీద రెండు చేతులూ ఆనించి, పిర్ర పైకెత్తి, అదే లేచింది.